బిల్లు నంబరును మెషీన్ ఇష్టానికి వదలకండి

వరంగల్ స్టేషన్ రోడ్డులోనో, హనుమకొండ చౌరస్తా దగ్గరో ఏదైనా విత్తనాల దుకాణానికి వెళ్లి కంప్యూటర్ బిల్లు అడగండి. కాగితం మీద ఒక మూలన నంబరు ఉంటుంది. కొన్నవాళ్లు దాన్ని చూడరు, బిల్లు కొట్టే కుర్రాడు పట్టించుకోడు. ఆ నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ఆ రాసేవాళ్లలో ఒకణ్ని. వరంగల్, నర్సంపేట, పరకాల వైపు చిన్న దుకాణాలకు, అడ్తి కొట్లకు, కోల్డ్ స్టోరేజీలకు మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎంఎస్ యాక్సెస్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్‌లు చేసి పెడుతుంటాను. ఓనర్లతో, అకౌంటెంట్లతో, నా దగ్గర పని నేర్చుకునే పిల్లలతో నేను ఎక్కువగా వాదించేది ఈ ‘తర్వాతి నంబరు’ గురించే.

కాగితం మీద పడి బయటికి వెళ్లే నంబరు వేరు, డేటాబేస్ తన అవసరానికి పెట్టుకునే నంబరు వేరు. రెంటినీ కలపకూడదు. బయటికి వెళ్లే నంబరు వరుసగా రావాలి, నడుమ మాయం కాకూడదు, ఒకసారి ఒకరి చేతికి ఇచ్చాక మారకూడదు. చిన్న దుకాణానికి ఇంత అవసరమా అని అడుగుతారు. చిన్న దుకాణానికే ఎక్కువ అవసరం. పెద్ద కంపెనీలో ఒక బిల్లు గల్లంతైతే ఆర్డరు, గోడౌన్ చిట్టీ, లారీ రసీదు, బ్యాంకు ఎంట్రీ, ఏదో ఒకటి పట్టుకుని వెనక్కి వెళ్లొచ్చు. మన దగ్గర నగదు చేతులు మారుతుంది, సరుకు సైకిల్ మోటారు మీద వెళ్లిపోతుంది, మిగిలేది ఆ బిల్లు ఒక్కటే.

కంప్యూటర్లు రాకముందు ఈ బాధ్యత బిల్లు బుక్కు మోసేది. ప్రెస్సులో బుక్కులు కొట్టించేటప్పుడే ప్రతి కాగితానికీ, దాని కింది కార్బన్ కాపీకీ ఒకే నంబరు వేయించేవాళ్లు. రాయడంలో తప్పు పోతే ఆ కాగితాన్ని చింపి పారేయడం ఉండేది కాదు. అడ్డంగా రెండు గీతలు గీసి, క్యాన్సల్ అని రాసి, ఒరిజినల్‌ను కూడా బుక్కులోనే పిన్ను కొట్టి ఉంచేవాళ్లు. కొత్తగా చేరిన గుమస్తాకు మొదటి రోజే ఇది చెప్పేవాళ్లు. నంబరు ముందే అచ్చయి ఉండేది కాబట్టి సేటు తలుచుకున్నా దాన్ని మార్చలేడు. మధ్యలోంచి ఒక కాగితం లాగేస్తే ఆ లోటు ఎవరికైనా కనబడుతుంది. కంప్యూటర్ వచ్చాక బిల్లు అందంగా వస్తోంది, కూడికలో తప్పులు పోయాయి. కానీ బిల్లు బుక్కుకు ఉన్న ఆ నిక్కచ్చితనం చాలా ప్రోగ్రామ్‌లలో లేదు. పోగొట్టింది కంప్యూటర్ కాదు, ప్రోగ్రామ్ రాసినవాళ్ల తొందర.

తొందర మొదలయ్యేది ఆటోనంబర్ దగ్గర. యాక్సెస్‌లో కొత్త టేబుల్ తెరవగానే మొదటి కాలమ్‌గా అదే వచ్చి కూర్చుంటుంది. ‘ఇదే కదా సార్ మనకు కావాల్సింది, ఒకటి రెండు మూడు అని అదే వేసుకుంటది’ అంటారు పిల్లలు. వేసుకుంటుంది, నిజమే. కానీ అది పుట్టింది ఒక రికార్డును ఇంకో రికార్డు నుంచి వేరుగా గుర్తుపట్టడానికి, బిల్లు టేబుల్‌ను సరుకుల టేబుల్‌తో ముడివేయడానికి. వరుస తప్పనివ్వనని అది ఎవరికీ మాట ఇవ్వలేదు. ఫారంలో కొత్త బిల్లు తెరిచి రైతు పేరులో మొదటి అక్షరం కొట్టగానే యాక్సెస్ ఒక నంబరు తీసేస్తుంది. అంతలో ఆ రైతు ‘ఆగు బిడ్డా, పైసలు సరిపోయేటట్టు లేవు, రేపొస్త’ అని లేచాడనుకోండి. కుర్రాడు ఎస్కేప్ నొక్కుతాడు. బిల్లుతో పాటు ఆ నంబరూ పోతుంది. తర్వాతి రైతుకు దాని పై నంబరు వస్తుంది. రికార్డు డిలీట్ చేసినా అంతే. ఇదే ఆటోనంబర్‌ను వరుసగా కాకుండా ర్యాండమ్‌గా వచ్చేటట్టు పెట్టుకునే వీలు కూడా ఉంది. అలా పెడితే మైనస్ నంబర్లు సైతం వస్తాయి. బిల్లు వరుస కోసం చేసిన వస్తువైతే అలాంటి వీలు ఎందుకు పెడతారు? ఆటోనంబర్‌ను నేను ప్రతి టేబుల్‌లో వాడతాను. ఏ ఫారంలోనూ, ఏ కాగితం మీదా కనబడనివ్వను.

ఇక చట్టం. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) రూల్స్‌లో 46వ రూలు టాక్స్ ఇన్వాయిస్ (పన్ను బిల్లు) మీద ఏమేం ఉండాలో చెబుతుంది. నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, అక్షరాలు, అంకెలు, హైఫన్, స్లాష్ వాడుకోవచ్చు, ఒక ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు మళ్లీ రాకూడదు. కావాలంటే ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు, అంటే వేర్వేరు నంబర్ల వరుసలు, పెట్టుకోవచ్చు. విత్తనాలకు జీఎస్టీ లేదు కాబట్టి వాటికి ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై, అంటే పన్ను లేని బిల్లు. 49వ రూలు దానికీ ఇదే వరుస నంబరు అడుగుతుంది. అందుకే విత్తనాలు, పురుగు మందులు రెండూ అమ్మే దుకాణానికి నేను రెండు సిరీస్‌లు పెడతాను. అమ్మకాల లెక్క చెప్పే జీఎస్టీఆర్-1 రిటర్నులో 13వ టేబుల్ చూడండి. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా బిల్లులు ఇచ్చారు, మొత్తం ఎన్ని, అందులో క్యాన్సల్ అయినవి ఎన్ని, పోగా మిగిలినవి ఎన్ని అని అడుగుతుంది. బిల్లు బుక్కులో గుమస్తా గీసిన ఆ రెండు అడ్డగీతలకు చట్టం ఒక కాలమ్ ఇచ్చింది. ఆటోనంబర్ మింగేసిన నంబరును ఆ టేబుల్‌లో ఎక్కడ చూపిస్తారు? అది ఇచ్చిన బిల్లు కాదు, క్యాన్సల్ చేసిన బిల్లూ కాదు. అసలు పుట్టనే లేదు.

అయినా నాకు పన్ను కంటే రైతు ముఖ్యం. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తనాలు అమ్మిన డీలరు కొన్నవాళ్లకు బిల్లు ఇచ్చి తీరాలి. వానాకాలం వచ్చిందంటే వ్యవసాయాధికారులు చెప్పే మాట ఒకటే: బిల్లు లేకుండా కొనకండి, పంట చేతికొచ్చేదాకా దాన్ని పారేయకండి. మన దిక్కు పత్తి, మిర్చి వేసే ఊళ్లలో నకిలీ విత్తనాల బెడద ఎంతో చెప్పక్కర్లేదు. మొలక రాకున్నా, చెట్టు ఏపుగా పెరిగి కాయ పట్టకున్నా రైతు చేతిలో ఉన్న ఆధారం ఆ చిన్న కాగితమే. అందులో లాట్ నంబరు ఉంటుంది, రకం పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. కానీ ఆ కాగితం దుకాణంలోని లెక్కతో కలవాలంటే దారి బిల్లు నంబరే. అధికారి వచ్చి ‘ఈ నంబరు తెరవండి’ అన్నప్పుడు స్క్రీన్ మీద ఇంకెవరి పేరో వస్తే? ఏమీ రాకపోతే? బిల్లు నిజమైనదే, కొన్నది నిజమే, అయినా ఆ రైతు మాట అక్కడ పలచబడిపోతుంది. ఇది పన్ను నోటీసు కంటే పెద్ద అన్యాయం అని నా నమ్మకం. దీనికి కారణం ప్రోగ్రామ్‌లో ఒక్క లైను.

ఆ ఒక్క లైను ఎలా ఉంటుందో చూపిస్తాను. నర్సంపేట దారిలో ఒక దుకాణం. ఆ ప్రోగ్రామ్ ఎవరో చేసిపెట్టింది. సరిచేయమని నన్ను పిలిచారు. మిరుగం చొచ్చి మొదటి వాన పడ్డ రోజులు. దుకాణం ముందు పత్తి గింజల కోసం జనం, లోపల రెండు కౌంటర్లు, రెండు కంప్యూటర్లు. డేటా ఫైలు సేటు గదిలోని కంప్యూటర్‌లో ఉంది. బిల్లు నంబరు కాలమ్‌కు డిఫాల్ట్ వాల్యూగా, అంటే కొత్త బిల్లు తెరవగానే దానంతటదే పడే విలువగా, టేబుల్‌లో ఉన్న పెద్ద నంబరు చూసి ఒకటి కలపమని రాసి ఉంది. పెద్ద నంబరు చూసి పెట్టే ఆ ఫంక్షన్ పేరు డీమ్యాక్స్. మొదటి కౌంటర్‌లో కొత్త బిల్లు తెరిచారు, 418 కనబడింది. రెండో కౌంటర్‌లోనూ తెరిచారు, అక్కడా 418. ఎందుకంటే ఎవరూ ఇంకా సేవ్ చేయలేదు, టేబుల్‌లో పెద్ద నంబరు ఇంకా 417 గానే ఉంది. ఇద్దరూ రకాలు అడిగి, ప్యాకెట్లు లెక్కబెట్టి, పేరు, ఊరు కొట్టి, నాలుగైదు నిమిషాల తర్వాత సేవ్ నొక్కారు. ఆ కాలమ్‌కు డూప్లికేట్‌లు వద్దన్న ఇండెక్స్ లేదు. రెండూ సేవ్ అయ్యాయి. ఒక 418 ఒక ఊరికి, ఇంకో 418 ఇంకో ఊరికి వెళ్లిపోయింది. సాయంత్రం లెక్క చూసినప్పుడు డబ్బు సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఆ టేబుల్‌ను నంబర్ల వారీగా పేర్చి చూపిస్తే జంట నంబర్లు బయటపడ్డాయి. రద్దీ ఉన్న రోజుల్లోనే ఎక్కువ. అంటే ఎక్కువ మంది రైతులు కొన్న రోజుల్లోనే.

తప్పు డీమ్యాక్స్‌ది కాదు. అడిగిన సమయం తప్పు. నంబరు ఎప్పుడు ఇవ్వాలన్నదే ఇందులో అసలు ప్రశ్న. ఫారం తెరవగానే ఇస్తే నాలుగైదు నిమిషాలు ఆ నంబరు గాలిలో ఉంటుంది. ఫారంకు ‘బిఫోర్ అప్‌డేట్’ అనే ఈవెంట్ ఉంది, రికార్డు టేబుల్‌లోకి వెళ్లే ముందు చివరి క్షణంలో నడుస్తుంది. అక్కడ, అదీ కొత్త రికార్డు అయితేనే, డీమ్యాక్స్‌ను అడిగి ఒకటి కలపాలి. అప్పుడు నిమిషాల సందు కంటికి కనబడనంత చిన్నదవుతుంది. రైతు నడుమ లేచి వెళ్లిపోయినా నంబరు ఖర్చు కాదు, ఎందుకంటే ఇంకా ఇవ్వలేదు. దీనికి కుర్రాళ్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది: ‘బిల్లు కొట్టేటప్పుడు నంబరు స్క్రీన్ మీద కనబడకపోతే ఓనర్‌కు టెన్షన్ సార్.’ ఓనర్‌కు నచ్చజెప్పండి. సేవ్ కాని బిల్లుకు నంబరు లేకపోవడమే న్యాయం. ఆ గడిలో ‘సేవ్ చేశాక వస్తుంది’ అని రాసి పెట్టండి, వారంలో అలవాటైపోతుంది.

సందు చిన్నదైనంత మాత్రాన మూసుకుపోయినట్టు కాదు. ఇద్దరూ ఒకే క్షణంలో సేవ్ నొక్కితే మళ్లీ జంట నంబరే. దానికి కాపలా టేబుల్‌లోనే పెట్టాలి: సిరీస్, ఆర్థిక సంవత్సరం, నంబరు, ఈ మూడూ కలిపి ఒక యూనిక్ ఇండెక్స్. అప్పుడు రెండోవాళ్ల సేవ్‌ను యాక్సెస్ ఒప్పుకోదు, 3022 అనే ఎర్రర్ ఇస్తుంది. చాలా ప్రోగ్రామ్‌లు ఆ ఎర్రర్‌ను ఇంగ్లిష్ పేరాతో సహా కౌంటర్‌లో కుర్రాడి ముఖాన పడేస్తాయి. అతను భయపడి మొత్తం మూసేస్తాడు. ఆ ఎర్రర్‌ను ప్రోగ్రామే పట్టుకుని, మళ్లీ పెద్ద నంబరు చూసి, ఒకటి కలిపి, ఇంకోసారి సేవ్ చేయాలి. కుర్రాడికి ఏమీ తెలియాల్సిన పని లేదు. ఇండెక్స్ పెట్టకుండా కోడ్ ఎంత జాగ్రత్తగా రాసినా నేను నమ్మను. ఫారంలోని కోడ్‌ను తప్పించుకుని నేరుగా టేబుల్ తెరిచి కొట్టేవాళ్లు ప్రతి దుకాణంలో ఒకరుంటారు. ఇండెక్స్‌ను తప్పించుకునే దారి లేదు.

చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి, చిన్నవే కానీ దుకాణాన్ని ఆపేస్తాయి. ఏప్రిల్ మొదటి బిల్లు కొట్టేటప్పుడు ఆ సంవత్సరానికి ఒక్క రికార్డూ ఉండదు. డీమ్యాక్స్ సున్నా ఇవ్వదు, నల్ (‘ఏమీ లేదు’ అని) ఇస్తుంది. నల్‌కు ఒకటి కలిపినా నల్లే. అందుకే ఎన్‌జెడ్ ఫంక్షన్‌తో దాన్ని సున్నా చేసి కలపాలి. పెద్ద నంబరు చూడటానికి బదులు రికార్డులు ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టి ఒకటి కలిపేవాళ్లున్నారు. నడుమ ఒక్క రికార్డు పోయిందంటే ఆ లెక్క ఇప్పటికే ఇచ్చిన నంబరునే మళ్లీ ఇస్తుంది. యాక్సెస్‌లో కోడ్ రాసే భాష వీబీఏలో నంబరును ఇంటీజర్‌గా పెట్టేవాళ్లున్నారు. ఇంటీజర్ 32,767 దగ్గర ఆగిపోతుంది. మిర్చి సీజన్‌లో బస్తా బస్తాకూ నంబరు వేసే కోల్డ్ స్టోరేజీలో అది ఒక మధ్యాహ్నం ఓవర్‌ఫ్లో అని నిలబడిపోతుంది, బయట లారీల వరుస. పెద్ద అంకెలు పట్టే లాంగ్ అని ఒక్క మాట రాస్తే పోయేదానికి ఇంత గొడవ.

వీటికంటే మోసకారి టెక్స్ట్ కాలమ్. బిల్లు నంబరు ‘25-26/9’ అని కనబడాలి కాబట్టి మొత్తాన్ని ఒకే టెక్స్ట్ కాలమ్‌లో పెట్టేస్తారు. టెస్ట్ చేసేటప్పుడు నాలుగైదు బిల్లులు కొడతారు, అన్నీ సరిగానే వస్తాయి. దుకాణంలో పెట్టాక పదో బిల్లు కూడా వస్తుంది. పదకొండోది రాదు. ఎందుకంటే టెక్స్ట్‌ను యాక్సెస్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ‘25-26/10’ లో స్లాష్ తర్వాత ఉన్న 1 కంటే ‘25-26/9’ లోని 9 పెద్దది. కాబట్టి దాని దృష్టిలో ఇప్పటికీ పెద్ద నంబరు తొమ్మిదే, తర్వాతిది పదే. పది ఇప్పటికే ఉంది. ఇండెక్స్ ఉంటే ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. ఇండెక్స్ లేకపోతే ఆ రోజు నుంచి అందరికీ పదో నంబరు బిల్లే. సున్నాలు చేర్చి 0009, 0010 అని రాస్తే కొన్నాళ్లు గడుస్తుంది, 9999 దాటిన రోజు మళ్లీ ఇదే గొడవ. సిరీస్ ఒక కాలమ్‌లో, సంవత్సరం ఒక కాలమ్‌లో, నంబరు మాత్రం నంబరుగానే ఇంకో కాలమ్‌లో పెట్టండి. కాగితం మీద వేసేటప్పుడే మూడూ కలపండి. సిరీస్ అక్షరంతో కలిపి ‘V/25-26/00417’ అంటే 13 అక్షరాలే, 16 లోపు హాయిగా పడుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం కోడ్ కాదు, ఓనర్లు అడిగే ఒక కోరిక. మాట ఇలా మొదలవుతుంది: ‘అన్నా, ఆ 231 బిల్లు తప్పువోయింది. తీసేసెయ్.’

‘తీసేయొద్దు సేటూ, క్యాన్సల్ అని పెడదాం. నంబరు అట్లనే ఉంటది, పైసలు సున్నా అయితయి.’

‘నడుమ క్యాన్సల్ కనబడితే మంచిగుండదే. అది తీసేసి కిందియన్నీ ఒక్కొక్క నంబరు మీదికి జరుపరాదు?’

జరపడం కష్టం కాదు. ఒక్క అప్‌డేట్ క్వెరీ, క్షణంలో పని. 232 కాస్తా 231 అవుతుంది, 233 కాస్తా 232 అవుతుంది, చివరిదాకా. కానీ 232 అని అచ్చయిన కాగితం ఇప్పటికే ఎవరి జేబులోనో, ఎవరి ఇంట్లో పెట్టెలోనో, గోడకు కొట్టిన చీలకో ఉంది. కంప్యూటర్‌లో మార్చినంత మాత్రాన ఆ కాగితం మారదు. ఒక్క తప్పు బిల్లు కనబడకుండా చేయడానికి ఆ తర్వాత కొన్న వాళ్లందరి బిల్లులూ అబద్ధం చేసినట్టవుతుంది. ఇలాంటి బటన్ పెట్టమంటే నేను ఆ పని ఒప్పుకోను, పైసలు ఎంతిస్తామన్నా సరే. నాకు తెలిసిన సేట్లలో చాలామంది మోసం కోసం అడిగినవాళ్లు కాదు, చూడ్డానికి శుభ్రంగా ఉండాలని అడిగినవాళ్లే. పాత బిల్లు బుక్కు గుర్తుచేస్తే ఒప్పుకున్నారు. వాళ్ల నాయన రోజుల్లో అడ్డగీతలు గీసిన కాగితాలు ఇంకా అటక మీద మూటల్లో ఉన్నాయి.

అందుకే నా ప్రోగ్రామ్‌లలో బిల్లుకు డిలీట్ ఉండదు. ఒక స్టేటస్ కాలమ్, ఎందుకు క్యాన్సల్ చేశారో రాసే కాలమ్, ఎవరు ఎప్పుడు చేశారో పడే కాలమ్. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. పెద్ద నంబరు చూసి ఒకటి కలిపే పద్ధతిలో, చివరి బిల్లును డిలీట్ చేస్తే దాని నంబరు తర్వాతి వాళ్లకు వెళ్తుంది. కాగితం అప్పటికే ఇచ్చి ఉంటే మళ్లీ జంట. డిలీట్ అనేదే లేకపోతే ఆ ప్రమాదమూ లేదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా మేనల్లుడు ఈ మాటలన్నీ విని ఒకసారి గట్టిగానే వాదించాడు. ‘మామా, పెద్ద పెద్ద డేటాబేస్‌లే గ్యాప్‌లు ఇస్తాయి. మీరెందుకు ఇంత పట్టుబడుతున్నారు?’ అతని మాటలో పస ఉంది. పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్‌లో సీక్వెన్స్ (వరుస నంబర్లు ఇచ్చే ఏర్పాటు) నుంచి నంబరు ఒకసారి తీసుకున్నాక ట్రాన్సాక్షన్ (అయితే మొత్తం, లేకపోతే ఏదీ కాకుండా జరిగే పని) వెనక్కి పోయినా ఆ నంబరు తిరిగి రాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల పెద్ద డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్, 2012 వెర్షన్ నుంచి ఐడెంటిటీ నంబర్లను (దాని ఆటోనంబర్లను) ముందే వెయ్యి వెయ్యిగా తీసి పెట్టుకుంటుంది, సర్వర్ హఠాత్తుగా ఆగి మళ్లీ మొదలైతే ఒక్కసారిగా వెయ్యి దాకా దూకేస్తుంది. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఇది బాగా అనుభవమే. ఎవరో సలహా ఇచ్చారని యాక్సెస్ వదిలి అందులోకి వెళ్లి, ఐడెంటిటీనే బిల్లు నంబరుగా పెట్టుకున్నవాళ్లు 612 తర్వాతి నంబరు ఒక్కసారిగా వెయ్యి దాటడం చూసి గుండెలు పట్టుకున్నారు.

పెద్ద డేటాబేస్‌లు చేసినవాళ్లు అలా గ్యాప్‌లు వదలడానికి బలమైన కారణం ఉంది. నంబరు పోకుండా ఉండాలంటే, ఒకరు నంబరు తీసుకుని సేవ్ పూర్తిచేసేదాకా తర్వాతివాళ్లు ఆగాలి. మొదటివాళ్లు వెనక్కి తగ్గితే ఆ నంబరు తిరిగివ్వాలి కదా. ఒకేసారి వేలమంది టికెట్లు తీసుకునేచోట అలా ఆపితే మొత్తం స్తంభించిపోతుంది. అందుకని అక్కడ వేగం కోసం వరుసను వదులుకున్నారు. అది వాళ్లకు సరైన నిర్ణయమే. కానీ మనకు రెండు కౌంటర్లు, మహా అయితే నాలుగు. రెండో కౌంటర్ ఆగాల్సింది రెప్పపాటు కూడా కాదు. వాళ్లకు కుదరని క్రమశిక్షణ మనకు ఉచితంగా దొరుకుతున్నప్పుడు, వాళ్లు వదులుకున్నారని మనమూ వదులుకోవడమెందుకు? చివరికి మేనల్లుడు కూడా ఒక మాట ఒప్పుకున్నాడు: పెద్ద కంపెనీల్లో కూడా ఇన్వాయిస్ నంబరు కోసం ఆ సీక్వెన్స్‌ను నేరుగా వాడరు, వేరే టేబుల్ పెడతారని.

ఆ వేరే టేబుల్ పద్ధతి మన దగ్గరా ఉంది. ఆటోనంబర్ లాంటిదేమీ లేని పాత డేటాబేస్ ఫాక్స్‌ప్రో రోజుల నుంచి మనవాళ్లు వాడిన పద్ధతే. సిరీస్‌కు, సంవత్సరానికి ఒక్కో రికార్డు, అందులో చివరగా ఇచ్చిన నంబరు. కొత్త బిల్లు సేవ్ అయ్యేటప్పుడు ఆ రికార్డును ఇంకెవరూ ముట్టకుండా తాళం వేసి తెరిచి, ఒకటి పెంచి, బిల్లులో రాసి, రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ముగించాలి. ఏదైనా తేడా వస్తే రెండూ కలిసి వెనక్కి పోతాయి, నంబరు చెడిపోదు. రెండూ వేర్వేరుగా చేస్తే మాత్రం ఆ టేబుల్‌లో నంబరు పెరిగి బిల్లు సేవ్ కాని రోజు తప్పక వస్తుంది. ఏనుమాముల మార్కెట్‌లో సరుకు పోటెత్తే రోజుల్లో తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) ఆగకుండా కొట్టే అడ్తి కొట్టుకు నేను ఈ పద్ధతే పెడతాను. ఒకరిద్దరు కూర్చునే దుకాణానికి డీమ్యాక్స్, ఇండెక్స్ చాలు. ఏది వాడినా ప్రింట్ సేవ్ తర్వాతే. సేవ్ కాని రికార్డు రిపోర్టుకు కనబడదు. అందుకే ప్రింట్ బటన్‌లో మొదటి లైను రికార్డును సేవ్ చేయడమే కావాలి.

ఆర్థిక సంవత్సరం విషయంలో ఒక్కటే చెబుతాను. సంవత్సరాన్ని బిల్లు తేదీ నుంచి తీయండి, కంప్యూటర్ తేదీ నుంచి కాదు. మార్చి 31 రాత్రి చేత్తో రాసిచ్చిన బిల్లులను ఏప్రిల్ 1 పొద్దున ఎంటర్ చేసే దుకాణాలే ఎక్కువ. వేరే ఊళ్లో బ్రాంచి ఉండి అక్కడ వేరే ఫైలు నడుస్తుంటే దానికి వేరే సిరీస్ అక్షరం ఇవ్వండి. రెండు ఫైళ్లు ఒకే వరుసను పంచుకోవడం జరిగే పని కాదు.

ఇంత చేశాక కూడా వరుసను దెబ్బతీసేది ఒకటుంది, దాని గురించి ఎవరూ ముందు ఆలోచించరు. హార్డ్ డిస్క్ పోతుంది, లేదా ఫైలు పాడవుతుంది. నిన్న రాత్రి తీసిన బ్యాకప్ తెచ్చి పెడతారు. దుకాణం మళ్లీ నడుస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ బ్యాకప్‌కు నిన్నటి చివరి నంబరు వరకే తెలుసు. ఈ రోజు పొద్దుటి నుంచి ఇచ్చిన బిల్లులు అందులో లేవు. అవి రైతుల చేతుల్లో ఉన్నాయి. అలాగే మొదలుపెడితే డీమ్యాక్స్ కూడా, చివరి నంబరు దాచుకునే ఆ వేరే టేబుల్ కూడా ఆ నంబర్లనే ఇంకోసారి ఇస్తాయి. ఇండెక్స్ ఏమీ అనదు, దాని లెక్కలో డూప్లికేట్ లేనే లేదు. అందుకని నేను బిల్లు ఎప్పుడూ రెండు కాపీలు ప్రింట్ చేయిస్తాను, దుకాణం కాపీ ఆ రోజు మొత్తం తీగకు గుచ్చి ఉండాలి. బ్యాకప్ పెట్టిన రోజు కొత్త బిల్లు తెరిచే ముందు ఆ తీగ మీది కాగితాలను వరుసగా పేర్చి, ఏ నంబరుది ఆ నంబరుతోనే ఎంటర్ చేయాలి. దీనికోసం నంబరు చేత్తో కొట్టే వీలున్న ఒక ఫారం విడిగా పెట్టి, దాని పాస్‌వర్డ్ సేటు ఒక్కరికే ఇస్తాను. చివరి కాగితం ఎంటరయ్యాక, స్క్రీన్ మీది పెద్ద నంబరు, తీగ మీది పెద్ద నంబరు ఒకటేనా అని చూసుకుని, అప్పుడు కౌంటర్ తెరవాలి. బయట ఎంతమంది నిలబడి ఉన్నా సరే.